హల్లు ధాతువుల కల్పిత భాషల్లో పదనిర్మాణం

హల్లు ధాతువుల భాషలో పదానికి మూలార్థాన్ని ఇచ్చేవి హల్లులు మాత్రమే. ఆ హల్లుల మధ్య ఏ అచ్చులు చేరాయి, ఏ హల్లు ద్విత్వమైంది, ముందు వెనకల ఏమి అతికింది అన్నదాన్ని బట్టి క్రియ, కర్త, స్థలం, సాధనం, బహువచనం వంటి రూపాలు ఏర్పడతాయి. హల్లుల వరసను ధాతువు అనీ, దాన్ని పోసే ఆకృతిని మూస అనీ అంటారు. సహజ భాషల్లో అరబ్బీ, హీబ్రూ, అరామిక్, అమ్హారిక్, ప్రాచీన అక్కాడియన్ వంటి సెమిటిక్ భాషలకు ఇది ముఖ్య లక్షణం. నవలల కోసమో, ప్రయోగం కోసమో భాషను కల్పించేవారు ఈ పద్ధతిని తరచు ఎంచుకుంటారు. కొద్ది ధాతువులతోనే చాలా మాటలు పుట్టించవచ్చు. ఒకే ధాతువు మాటల మధ్య కుటుంబపు పోలిక కనిపిస్తుంది. అయితే ప్రతి ధాతువునూ ప్రతి మూసలో పోసినంత మాత్రాన పట్టిక తయారవుతుంది గాని భాష తయారు కాదు. ఏ గడి నింపాలి, ఏది ఖాళీగా వదలాలి, నింపిన మాట అర్థం ఎంత పక్కకు జరగాలి అన్న నిర్ణయాలే ఈ రూపకల్పనలో అసలు పని.

తెలుగు, సంస్కృత పద్ధతులతో తేడా

తెలుగులో పదాలు ఎక్కువగా వెనక ప్రత్యయాలు చేర్చడం వల్ల ఏర్పడతాయి. నేయు, నేత, నేయించు, నేతగాడు అన్న మాటల్లో మొదటి అక్షరం అచ్చుతో సహా నిలిచి ఉంటుంది. మార్పంతా దాని తరవాతే. సంస్కృతంలో ధాతువులోని అచ్చు కూడా మారుతుంది: కృ ధాతువు నుంచి కృతి, కర్త, కార్యం వచ్చాయి. కాని ఆ మార్పు గుణవృద్ధుల హద్దులో జరుగుతుంది, అచ్చు ధాతువులో భాగంగానే ఉంటుంది. 1887లో వెలువడిన ఎస్పెరాంతో కల్పిత భాష అయినా ప్రత్యయాలు అతికించే తరహాదే: లెర్న్ అంటే నేర్చుకోవడం, దానికి స్థలాన్ని చెప్పే ప్రత్యయం చేరిస్తే లెర్నెయో, అంటే బడి. హల్లు ధాతువుల భాషలో ధాతువుకు సొంత అచ్చు ఉండదు. అందువల్ల ధాతువును ఒంటరిగా పలకడం కుదరదు. ఏదో ఒక మూసలో పడితేనే అది మాట అవుతుంది.

సెమిటిక్ నమూనా

అరబ్బీలో క్-త్-బ్ ధాతువుకు రాతకు సంబంధించిన అర్థం. కతబ అంటే రాశాడు, కాతిబ్ రాసేవాడు, కితాబ్ పుస్తకం, కుతుబ్ పుస్తకాలు, మక్తబ్ కార్యాలయం లేదా రాతబల్ల, మక్తబ గ్రంథాలయం, మక్తూబ్ రాసినది. అరబ్బీ వ్యాకర్తలు మూసలకు పేర్లు పెట్టడానికి ‘చేయు’ అనే అర్థమున్న ఫ్-ఐన్-ల్ ధాతువును (ఐన్ గొంతులో పలికే అరబ్బీ హల్లు) ఎంచుకున్నారు. దాన్ని కర్త మూసలో పోస్తే ఫాఇల్, కర్మ మూసలో పోస్తే మఫ్ఊల్; ఆ రూపాలే ఆ మూసల పేర్లయ్యాయి. తెలుగు ఛందస్సులో యమాతారాజభానసలగం అన్న సూత్రం తాను చెప్పే గణాలను తన అక్షరాల్లోనే చూపినట్టు, ఇక్కడ పేరు పలికితే మూస వినిపిస్తుంది.

క్రియలకు వేరే మూసల వరస ఉంది. అరబ్బీలో వాడుకలో బాగా కనిపించేవి 10. ఐన్-ల్-మ్ ధాతువులో అలిమ అంటే తెలుసుకున్నాడు. మధ్య హల్లు ద్విత్వమైతే అల్లమ, నేర్పాడు. దాని ముందు త చేరితే తఅల్లమ, నేర్చుకున్నాడు. ఇస్త చేరితే ఇస్తఅలమ, విచారించాడు. అచ్చుల వరస ఒక్కటే మారినా అర్థం మారుతుంది: కతబ ‘రాశాడు’, కుతిబ ‘రాయబడింది’. హీబ్రూ క్రియలకు ఇలాంటి మూసలు 7.

ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చిన కచేరీ మాటల్లో ఈ నిర్మాణపు ఆనవాళ్లు ఉన్నాయి. దఖలు, దాఖలు రెండూ ‘ప్రవేశించు’ అనే ద్-ఖ్-ల్ ధాతువు సంతానం. వకీలు, వకాల్తా వ్-క్-ల్ నుంచి, అమలు, మామూలు ఐన్-మ్-ల్ నుంచి, హుకుం, హకీం హ్-క్-మ్ నుంచి వచ్చాయి. హాజరు, హుజూరు కూడా ఒకే ధాతువు పిల్లలే. అరబ్బీలో దకారానికి దగ్గరగా ఉండే వాటి నడిమి హల్లు ఫారసీ నోట జకారం వైపు జరిగింది. దాఖలు, హాజరు పోత పోసిన మూస ఒక్కటే, ఫాఇల్. తెలుగువారు ఈ మాటలను విడివిడిగా తీసుకున్నారు గనుక మూస మాత్రం తెలుగులోకి రాలేదు. ధాతువు, మూస అన్న సంబంధం వినేవారి మనసులో నిలవాలంటే ఒకే అచ్చువరసతో పోలిక కలిగిన మాటలు భాషలో చాలా ఉండాలి. కల్పిత భాషకూ ఇదే షరతు వర్తిస్తుంది.

ఆధునిక భాషాశాస్త్రంలో ఈ నిర్మాణానికి ప్రసిద్ధమైన విశ్లేషణ జాన్ మెకార్తీది. 1979 నాటి సిద్ధాంత వ్యాసంలో, 1981 నాటి పరిశోధన పత్రంలో ఆయన పదాన్ని మూడు పొరలుగా విడదీశాడు: ధాతువు హల్లులు, అచ్చుల వరస, ఏ స్థానంలో హల్లు, ఏ స్థానంలో అచ్చు అని చెప్పే అస్థిపంజరం. భాషను కల్పించేవారికి ఈ విభజన పనిముట్టులా ఉపయోగపడుతుంది. మూడు పొరల్లో దేన్ని మార్చితే ఏ వ్యాకరణార్థం మారాలో విడివిడిగా నిర్ణయించుకోవచ్చు.

పేరొందిన కల్పిత భాషలు

ఈ తరహాలో బాగా తెలిసినది జె. ఆర్. ఆర్. టోల్కీన్ తన కథల్లోని మరుగుజ్జు జాతికి కల్పించిన ఖుజ్దుల్. దాని నిర్మాణం సెమిటిక్ తరహాదని ఆయనే చెప్పాడు. ఆ జాతి తమను ఖజాద్ అని పిలుచుకుంటుంది. భాష పేరు ఖుజ్దుల్. రెంటిలోనూ ఖ్-జ్-ద్ హల్లులు నిలిచి, అచ్చులు మారాయి. వారి శత్రుజాతి పేరు ఏకవచనంలో రుఖ్స్, బహువచనంలో రఖాస్. టోల్కీన్ వదిలిన ఖుజ్దుల్ మాటలు చాలా తక్కువ. తన భాషను పరాయివారికి చెప్పని జాతిగా వారిని చిత్రించాడు గనుక ఆ కొరత కథకు అతికింది. తరవాత సినిమాల కోసం భాషావేత్త డేవిడ్ సాలో ఆ కొద్ది ఆధారాల మీద మరికొన్ని మాటలను నిర్మించాడు.

టోల్కీన్ కల్పనే అయిన అదూనాయిక్‌ది మధ్యేమార్గం. అందులో ధాతువులు ఎక్కువగా మూడు హల్లులవి, కొన్ని రెండు హల్లులవి. కాని ప్రతి ధాతువుకూ ఒక సొంత అచ్చు ఉంటుంది, అది పదంలో ఎక్కడో ఒకచోట నిలవాలి. అంటే అర్థభారాన్ని అచ్చు కూడా కొంత మోస్తుంది. జాన్ కిహాదా 2004లో ప్రకటించిన ఇథ్‌కుయిల్ లక్ష్యం వేరు. సూక్ష్మమైన అర్థభేదాలను తక్కువ ధ్వనుల్లో ఇమడ్చడం కోసం అందులో హల్లుల ధాతువు చుట్టూ అచ్చులు, ఇతర హల్లులు చేరి వ్యాకరణ వర్గాలను తెలుపుతాయి. మాట్లాడే జనం ఉన్నట్టు నమ్మించడం దాని ఉద్దేశం కాదు గనుక దాని క్రమబద్ధత లోపం అనిపించుకోదు. భాష ఎందుకోసం అన్నది ముందు తేలితే ఎంత క్రమం, ఎంత అక్రమం ఉండాలో తేలుతుంది.

ధాతువుల ఎంపిక

8వ శతాబ్దపు బస్రా పండితుడు అల్ ఖలీల్ తన అరబ్బీ నిఘంటువును ధాతువుల హల్లులను అటూఇటూ మార్చి పేర్చే పద్ధతిలో అమర్చాడు: మూడు హల్లులతో ఏర్పడే ఆరు వరసలనూ ఒక్కచోట చూపి, భాషలో వాడుకలో ఉన్నవాటికి మాత్రమే అర్థం రాశాడు. 28 హల్లుల్లో ఏ రెండూ ఒకటి కాకుండా మూడేసి తీసుకుంటే 28×27×26, అంటే 19,656 వరసలు వస్తాయి. అందులో చిన్న భాగమే భాష వాడుకుంటుంది.

వాడుకలోకి రాని వరసలన్నీ యాదృచ్ఛికం కాదు. జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1950లో ప్రచురించిన పరిశీలన ప్రకారం సెమిటిక్ ధాతువుల్లో మొదటి రెండు హల్లులు ఒకటే కావడం దాదాపు ఉండదు. రెండవది, మూడవది ఒకటి కావడం మాత్రం మామూలే. అరబ్బీలో మ్-ద్-ద్, ‘చాచు’, అలాంటిది. నోటిలో ఒకే చోట పుట్టే హల్లులు, ఉదాహరణకు పెదవులతో పలికే బ, మ, ఒకే ధాతువులో పక్కపక్కన రావడం కూడా అరుదు. ఈ రెండు కట్టుబాట్లు పెట్టుకుంటే కల్పిత ధాతువుల జాబితాకు సహజత్వం వస్తుంది. 15 హల్లుల భాషలో మూడు హల్లుల వరసలు 3,375. మొదటి రెండు ఒకటి కాకూడదంటే 3,150 మిగులుతాయి. పుట్టుచోటు నియమంతో ఇంకా తగ్గుతాయి. ఆరంభానికి రెండు మూడు వందల ధాతువులు చాలు.

ధాతువులన్నీ మూడు హల్లులవే కానక్కరలేదు. రక్తం, చేయి, నీరు వంటి అతి పాత నామవాచకాలకు రెండు హల్లులు ఉండవచ్చు. అరబ్బీలో దమ్ ‘రక్తం’, యద్ ‘చేయి’ అలాంటివి. దగ్గరి అర్థాల ధాతువులకు రెండు హల్లులు ఉమ్మడిగా ఉంచి మూడవది మార్చడం మరో ఉపాయం. అరబ్బీ కతఅ ‘కోశాడు’, కతఫ ‘పువ్వో పండో తెంపాడు’ అన్నవాటిలో మొదటి రెండు హల్లులు ఒకటే. అలాంటి గుంపులు కొన్ని ఉంటే భాషకు ధాతువుల కంటే పాతదైన పొర ఒకటి ఉన్నట్టు తోస్తుంది.

మూసల రూపకల్పన

మూసలను గీసే ముందు అక్షర నిర్మాణం స్థిరపడాలి. రెండు హల్లులు పదాది సంయుక్తంగా రావచ్చా, పదాంతంలో ఎన్ని హల్లులు నిలవగలవు అన్నవి తేలకుండా మూసలు పెడితే కొన్ని ధాతువులు నోరు తిరగని మాటలు ఇస్తాయి. తరవాత ప్రతి మూసకూ ఒక స్థూలార్థం కేటాయించాలి: జరిగిన పని, చేసేవాడు, చోటు, పనిముట్టు, ఫలితం, ప్రేరణ, పరస్పర క్రియ, గుణం, బహువచనం. పన్నెండు పదిహేను మూసలు మొదట సరిపోతాయి. ఒక అర్థానికి రెండు మూడు మూసలు, ఒక మూసకు రెండు అర్థాలు ఉండటం సహజ భాషల్లో మామూలు. అరబ్బీ బహువచనానికే ఎన్నో మూసలు ఉన్నాయి: కితాబ్‌కు కుతుబ్, బైత్ ‘ఇల్లు’కు బుయూత్.

మూసలో ధాతువుకు చెందని హల్లు ఉంటే అయోమయానికి తావు కలుగుతుంది. మ ముందు చేరే మూస ఉన్న భాషలో మకారంతో మొదలయ్యే మాటను చూసి అది ధాతువు హల్లో, చేరిన హల్లో చెప్పడం కష్టం. ఈ అయోమయాన్ని భాషలు వాడుకుంటాయి కూడా. అరబ్బీ మకాన్ ‘చోటు’ నిజానికి ‘ఉండు’ అనే క్-వ్-న్ నుంచి వచ్చింది; దాని బహువచనం అమాకిన్ మాత్రం మకారం ధాతువులోదే అన్నట్టు ఏర్పడింది.

ఒక చిన్న నమూనా

పై సూత్రాలు ఎలా కలిసి పనిచేస్తాయో మూడు కల్పిత ధాతువులతో చూడవచ్చు: ద్-ల్-మ్ ‘నేయు’, స్-గ్-ర్ ‘కాపలా కాయు’, న్-వ్-ష్ ‘పారు’. 1, 2, 3 అంకెలు హల్లుల స్థానాలను చూపుతాయి.

జరిగిన పని, 1అ2అ3: దలమ్ ‘నేశాడు’, సగర్ ‘కాపలా కాశాడు’, నవష్ ‘పారింది’.
చేసేవాడు, 1ఉ2ఇ3: దులిమ్ ‘నేతగాడు’, సుగిర్ ‘కావలివాడు’.
చోటు, ఎ12ఆ3: ఎద్లామ్ ‘మగ్గం గది’, ఎస్గార్ ‘ఠాణా’, ఎన్వాష్ ‘కాలువ’.
వస్తువు, 1ఇ23ఉ: దిల్ము ‘బట్ట’, సిగ్రు ‘తాళం’, నూషు ‘ఏరు’.
ప్రేరణ, 1అ22అ3: దల్లమ్ ‘కుట్ర పన్నాడు’, సగ్గర్ ‘కాపలా పెట్టాడు’, నవ్వష్ ‘నీరు పెట్టాడు’.

పట్టికలో మూడు చోట్ల వరస తప్పింది, మూడూ ఉద్దేశించినవే. న్-వ్-ష్‌కు ‘చేసేవాడు’ గడి ఖాళీ, ఎందుకంటే పారేదానికి ఏరు అన్న మాట ఉండనే ఉంది. దల్లమ్ అక్షరార్థం ‘నేయించాడు’ కావలసింది. కథలు అల్లడం, పన్నాగం పన్నడం అన్న పలుకుబళ్లలాగా అది నేత నుంచి కుట్రకు జరిగింది. అప్పుడు నిజంగా నేయించడానికి ఆ భాష మరో మాట వెతుక్కోవాలి. మూడవది నూషు, వస్తువు మూస ప్రకారం అది నివ్షు కావాలి. దాని కారణం ధ్వనుల్లో ఉంది.

బలహీన ధాతువులు

య, వ, హ వంటి మెత్తని హల్లులు పక్కనున్న అచ్చుల్లో కలిసిపోతాయి, లేదా రాలిపోతాయి. అరబ్బీలో ‘పలుకు’ అనే క్-వ్-ల్ ధాతువుకు భూతకాలం కాల, వర్తమానం యకూలు. వకారం మొదటి రూపంలో ఆకారంగా, రెండవదాంట్లో ఊకారంగా మారింది. పై నమూనాలో నియమం ఇది: హల్లుకు ముందున్న వకారం తన ముందరి ఇకారంతో కలిసి ఊ అవుతుంది. ఎన్వాష్‌లో వకారం అచ్చుకు ముందు ఉంది గనుక నిలిచింది; నవ్వష్‌లో జంట వల్ల నిలిచింది. ఒక్క ధ్వని నియమం ఒక ధాతువు గుంపు మొత్తానికి ఇలా ప్రత్యేక రూపాలు ఇస్తుంది. అక్రమ రూపాలను ఒక్కొక్కటిగా కల్పించడం కంటే ఇలాంటి నియమాలు మూడు నాలుగు పెట్టుకుని అన్ని ధాతువులకూ నడపడం మేలు. వచ్చే అక్రమాలకు వాటి లోపలి తర్కం ఉంటుంది.

కొత్త ధాతువులు, అరువు మాటలు

హల్లు ధాతువుల పద్ధతితో పదజాలాన్ని తెలిసి పెంచిన సహజ భాష ఆధునిక హీబ్రూ. ‘ఆలోచించు’ ధాతువును పనిముట్టు మూసలో పోసి కంప్యూటర్‌కు మహ్‌షెవ్ అన్నారు. రోగాలకు ఒక మూస ఉంది: కెలెవ్ ‘కుక్క’ నుంచి కలెవెత్ ‘కుక్కకాటు రోగం’, త్సహోవ్ ‘పసుపు’ నుంచి త్సహెవెత్ ‘పచ్చకామెర్లు’, అదోమ్ ‘ఎరుపు’ నుంచి అదెమెత్ ‘రుబెల్లా’. మూసకు గట్టి అర్థం ఉన్నప్పుడు కొత్త మాట విన్నవాడు సగం అర్థాన్ని తానే ఊహించుకోగలడు.

పరాయి మాటల నుంచి కూడా ధాతువులు పుడతాయి. టెలిఫోన్ నుంచి హీబ్రూ త్-ల్-ప్-న్ హల్లులు తీసి తిల్పెన్ ‘ఫోన్ చేశాడు’ అంది. అరబ్బీ బ్యాంకు బహువచనాన్ని బునూక్ అంది. నాలుగు హల్లుల ధాతువులకు వేరే మూసలు అక్కరలేదు. మధ్య హల్లు ద్విత్వమయ్యే మూసలో ఎలాగూ నాలుగు హల్లు స్థానాలు ఉంటాయి. అవి అందులో ఇమిడిపోతాయి. అరబ్బీ తర్జమ ‘అనువదించాడు’ అలా ఏర్పడినదే. తెలుగు తర్జుమా ఆ కుటుంబపు మాట. హీబ్రూలో టెలిగ్రాఫ్ నుంచి వచ్చిన తిల్‌గ్రెఫ్‌లో గ్ర సంయుక్తం విడిపోలేదు. ఇలాంటి రూపాలను చూపి, మాట్లాడేవారు హల్లులను విడదీయరనీ, పూర్తి పదాన్నే మలుస్తారనీ కొందరు భాషావేత్తలు వాదిస్తారు. అరువు మాటల్లో ఏవి ధాతువులుగా కరుగుతాయి, ఏవి కరగక ప్రత్యయాలతో నెట్టుకొస్తాయి అన్నది కల్పిత భాషలోనూ తేల్చుకోవలసిన విషయం.

చరిత్ర నుంచి నిర్మించడం

మూసలను నేరుగా గీయకుండా, మామూలు ప్రత్యయాల భాష నుంచి అవి పుట్టేలా చేయడం మరో మార్గం. సెమిటిక్ పద్ధతి ఇలాంటి క్రమంలో ఏర్పడి ఉండవచ్చునని గై డాయిచర్ 2005 నాటి గ్రంథంలో వివరించాడు. నమూనా భాషకు పూర్వరూపంలో దలమ్ అన్న మాటకు వర్తమాన ప్రత్యయం ఇ చేరి దలమి అయిందనుకుంటే, చివరి ఇకారం ముందరి అచ్చును తనవైపు లాగి దలిమి చేస్తుంది. తరవాత పదాంతపు అచ్చు రాలితే దలిమ్ మిగులుతుంది. ప్రత్యయం పోయింది, దాని పని లోపలి అచ్చుకు దక్కింది. ‘చోటు’ అన్న అర్థంలో ఎ ముందు చేరి, ఊనిక చివరి దీర్ఘం మీద పడితే ఎదలామ్‌లో ఊనిక లేని అకారం రాలి ఎద్లామ్ అవుతుంది. ఇలాంటి జతలు పెరిగాక, మొదట వేరే అచ్చులున్న సుగుర్ వంటి మాటలు కూడా పోలిక కొద్దీ సగర్, సగిర్ అని మారతాయి. ధ్వని మార్పులు మొదలుపెట్టిన పనిని పోలిక పూర్తి చేస్తుంది. అక్కడక్కడ పాత అచ్చును వదలని మాటలు మిగిలితే అవే ఆ భాషకు అపవాదాలు.

లిపి

అరబ్బీ, హీబ్రూ లిపులు ప్రధానంగా హల్లులనే రాస్తాయి. ధాతువు కంటికి కనిపిస్తుంది. అచ్చులను చదువరి సందర్భాన్ని బట్టి పూరిస్తాడు. క్-త్-బ్ అని మాత్రమే రాసి ఉంటే అది కతబ, కుతిబ, కుతుబ్‌లలో ఏదైనా కావచ్చు. కల్పిత భాషకు ఇలాంటి లిపి పెడితే రాత క్లుప్తమవుతుంది, శ్లేషకు చోటు దొరుకుతుంది. అన్ని అచ్చులనూ వేరు అక్షరాలుగా రాసే లిపిలో ధాతువు అచ్చుల మధ్య చెదిరిపోతుంది. తెలుగు వంటి గుణింతపు లిపి ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది: సగర్, సుగిర్, సగ్గర్ అని రాసినప్పుడు స, గ, ర వరస చెదరదు, గుణింతపు గుర్తులు, ఒత్తులు, పొల్లు మాత్రమే మారుతూ మూసను చూపిస్తాయి.